పశురోగ క్రిముల ఇచ్చిపుచ్చుకోళ్లు



సాయంకాలము మేతనుండి తిరిగివచ్చి కుడితి త్రాగిన యెద్దు తెల్లవారునప్పటికి కట్టుగొయ్యవద్ద చచ్చిపడియుండును. ముక్కునుండియు మలద్వారమునుండియు నల్లని నెత్తురు కారుచుండును. ఆ నెత్తురు గడ్డకట్టదు. కళేబరము కొయ్యబారవలసినంతగా కొయ్యబారదు. పొట్ట మాత్రము త్వరగా ఉబ్బును. దీనినే మనవారు దొమ్మ యందురు. వైద్యులు ఆంత్రాక్సు అందురు. ఈ రోగమును కలిగించు క్రిమినిగూర్చియు, దానివంటి మరి రెండు మూడు క్రిములనుగూర్చియు నేడు మీతో ముచ్చటింపదలచితిని. రోగలక్షణములును చికిత్సయు మీరు పశువైద్యులవలన వినుచునే యున్నారు. నేను చెప్పదలచినది వేరొకటి. ఈ క్రిములకు విషము ఎచ్చటనుండి వచ్చినది? ఒక క్రిమి తన గుణమును వేరొక క్రిమికి ఈయగలదా? నిన్న పనిచేసిన మందు నేడేల పనిచేయకున్నది? చూచుటకు ఇవి మూడు ప్రశ్నలు. కాని వీని వేరు ఒక్కటియే.

ఒంగోలు గిత్తకు మూపురమును తెల్లని మేనిచాయయు తలిదండ్రులనుండి సంక్రమించినవని మీకు నేను చెప్పనక్కరలేదు. అట్టి గుణములను నిర్ణయించు వ్రాత ప్రతి జీవకణములోను ఉన్నది. అది డి.ఎన్.ఎ. అను మిక్కిలి సన్నని దారము. దానిపై నాలుగే అక్షరములు. ఆ నాలుగింటినే మార్చిమార్చి లక్షలకొలది వ్రాయగా జీవి యొక్క చరిత్ర యంతయు అందు ఇమిడియున్నది. ఒక్కొక్క గుణమునకు సంబంధించిన వాక్యమును జన్యువు అందురు. పశువునకు ఈ వ్రాత సగము తండ్రినుండి, సగము తల్లినుండి వచ్చును. క్రిమికి తల్లియు లేదు, తండ్రియు లేడు. ఒక క్రిమి రెండుగా చీలును. ఆ రెండును నాలుగగును. అనుకూలమైన చోట కొన్ని క్రిములకు ఇందుకు అరగంటయైనను పట్టదు. చీలునప్పుడెల్ల వ్రాతకు నకలు తీయవలెను. నకలు తీయునప్పుడు తప్పు దొర్లుట లేఖకులకే కాదు, క్రిములకును కలదు. ఆ తప్పులలో చాలభాగము ఎందుకును కొరగావు. కొన్ని ప్రాణము తీయును. ఎప్పుడో ఒకటి లాభించును. లాభించిన క్రిమి సంతానము మిగిలినవానిని త్రోసిపుచ్చి నిలుచును. పరిణామమన నిదియే.

ఇది నిదానపు మార్గము. క్రిములకు దీనికంటె దగ్గర త్రోవ ఒకటి కలదు. అది ప్రక్కవాని వ్రాతను తెచ్చుకొని తనదిగా చేసికొనుట.

మన గ్రామములలో 1984 వరకును కరణములుండెడివారు గదా. కరణమువద్ద గట్టిగా కుట్టిన దస్త్రమొకటి యుండెడిది. దానితోపాటు విడిచీటీలు కొన్ని సంచిలో నుండెడివి. దస్త్రము ఇల్లు విడిచి కదలదు. చీటీ మాత్రము నేడొకరిచేత, రేపొకరిచేత నుండును. క్రిమిలోనను ఇట్టి యేర్పాటే యున్నది. ముఖ్యమైన వ్రాత పెద్దదారములో నుండగా, కొన్ని అదనపు సంగతులు గాజువలె గుండ్రముగా ముడిచుకొనిన చిన్న దారములలో నుండును. వీనికి ప్లాస్మిడ్లు అని పేరు. ఇవి లేకున్నను క్రిమి బ్రతుకును. ఉన్నచో దానికి క్రొత్త ఆయుధమో, క్రొత్త కవచమో దొరకును.

ఈ సంగతి ఒక్కనాడు తెలిసినది కాదు. 1928లో లండనునందు ఫ్రెడరిక్ గ్రిఫిత్ అను వైద్యుడు ఊపిరితిత్తుల జ్వరమును కలిగించు క్రిములతో ఎలుకలపై ప్రయోగములు చేసెను. ఆయనవద్ద బలహీనమై ప్రాణహాని చేయని క్రిములు కొన్ని, ప్రాణాంతకమైనవి కొన్ని యుండెను. ప్రాణాంతకమైనవానిని వేడిచేసి చంపి, ఆ చచ్చినవానిని బ్రదికియున్న బలహీన క్రిములతో కలిపి ఎలుకకు ఎక్కించెను. ఎలుక చచ్చెను. దాని నెత్తురులో ప్రాణాంతకమైన క్రిములు సజీవముగా కనబడెను. అనగా చచ్చినవాని ఆస్తి బ్రదికినవానికి చేరినది. ఆ ఆస్తి డి.ఎన్.ఎ.యే యని 1944లో అమెరికాలో ఏవరీ, మెక్లియడ్, మెక్కార్టీ యనువారు ఋజువు చేసిరి. 1946లో లెడర్‌బర్గ్, టేటమ్ అనువారు రెండు క్రిములు ఒకదానినొకటి తాకి జన్యువులను ఇచ్చుకొనుట కనుగొనిరి. 1952లో జిండర్, లెడర్‌బర్గ్ అనువారు మూడవ త్రోవను చూపిరి. క్రిములకును వైరసులు పట్టును. ఒక క్రిమిని చంపి బయటపడు వైరసు దాని వ్రాతలో ఒక ముక్కను పొరబాటున మోసికొనిపోయి వేరొక క్రిమిలో దింపును. రాలినదానిని ఏరుకొనుట, తాకి పుచ్చుకొనుట, వైరసు మోయగా అందుకొనుట: ఈ మూడును నేటికిని మన పశువుల ప్రేగులలోను, పొదుగులలోను, పేడకుప్పలలోను జరుగుచున్నవి.

ఇక దొమ్మక్రిమికి వత్తము. దీని పెద్దదారములో సుమారు 52 లక్షల అక్షరములున్నవి. దానికి తోడు రెండు ప్లాస్మిడ్లు కలవు: ఒకదానిలో సుమారు 1,82,000 అక్షరములు, రెండవదానిలో సుమారు 95,000. మొదటిదానిలో విషము చేయు జన్యువులున్నవి. రెండవదానిలో క్రిమి చుట్టును పొరను కట్టు జన్యువులున్నవి. ఆ పొర యున్నంతవరకు పశువు నెత్తురులోని తెల్లకణములు క్రిమిని మ్రింగలేవు. విషమొక చీటీలో, కవచమొక చీటీలో నున్నవని గుర్తుంచుకొనుడు. రెండును ఉన్న క్రిమి యెద్దును ఒక్క రాత్రిలో చంపగలదు. ఒకటి పోయినచో చాలవరకు సాధువగును.

ఈ జ్ఞానము లేని దినములలోనే లూయీ పాస్టరు దొమ్మకు టీకాను సంకల్పించెను. 1881 మే నెలలో ఫ్రాన్సు దేశమున పూయీ-ల్-ఫోర్ అను పల్లెలో ఆయన బహిరంగ పరీక్ష యొకటి చేసెను. 24 గొఱ్ఱెలకును, ఒక మేకకును, 6 పశువులకును టీకా రెండు విడతలుగా వేయించి, 24 గొఱ్ఱెలను, ఒక మేకను, 4 పశువులను టీకా లేకయే విడిచెను. మే 31వ తేదీన అన్నిటికిని తీక్ష్ణమైన క్రిమి నెక్కించిరి. జూను 2వ తేదీన జనులు గుమిగూడి చూడగా, టీకాలేని గొఱ్ఱెలలో చాలభాగము అప్పటికే చచ్చియుండెను. తక్కినవి పొద్దుక్రుంకకముందే చచ్చెను. మేకయు చచ్చెను. టీకాలేని పశువులు చావలేదు గాని వాచి, జ్వరముతో బాధపడెను. టీకా వేసినవి మేత మేయుచుండెను. వానిలో చూలుతోనున్న గొఱ్ఱె యొక్కటి మాత్రము తరువాత చచ్చినది. పాస్టరుపేరు లోకమంతట మారుమ్రోగెను. ఆనాడు వాడిన మందు ఆయన చెప్పుకొనుచుండిన పద్ధతిని గాక, ఆయన సహచరుడు షాంబర్లాన్ పద్ధతిని పొటాసియం డైక్రోమేటు అను రసాయనముతో తయారైనదని ఆయన నోటుపుస్తకములను పరిశీలించిన చరిత్రకారులవలన చాలకాలమునకు తెలిసినది. మహనీయులను తక్కువ చేయుటకు ఈ మాట చెప్పుట లేదు. జరిగినది జరిగినట్లు తెలియుట మంచిది.

పాస్టరు సొంత పద్ధతి క్రిమిని 42, 43 డిగ్రీల వేడిలో పెంచుట. అట్లు పెంచగా పెంచగా అది క్రమముగా సాత్త్వికమగుచుండెను. ఎందువలననో ఆయనకు తెలియదు; నూరేండ్లవరకు మరియెవ్వరికిని తెలియదు. 1983లో అమెరికా పరిశోధకులు ఆ గుట్టు విప్పిరి. ఆ వేడిలో క్రిమి విషపు ప్లాస్మిడ్‌ను జారవిడుచుచున్నది. చీటీ పోగా విషము పోయినది. రెండవ ప్లాస్మిడ్ కవచమునకు సంబంధించినదని 1985లో తేలినది. ఇచ్చట ఒక చిక్కున్నది. పశువునకు రక్షణ కలిగించునది ఆ విషములోని ఒక భాగమే. దానిని ముందుగా రుచి చూచిన శరీరమే రోగమును ఎదిరించును. విషపు చీటీని పూర్తిగా పోగొట్టుకొన్న క్రిమి ప్రాణహాని చేయదు సరే, రక్షణయు ఈయదు. కాబట్టి పాస్టరు టీకా పనిచేయుటకు అందులో చీటీని ఇంకను విడువని క్రిములు కొన్నియైనను ఉండవలసినదే. అవి యెక్కువైనచో పశువు చచ్చును, తక్కువైనచో టీకా వ్యర్థమగును. ఆ కాలమున ఆ టీకా ఒకచోట ఫలించి ఒకచోట వికటించుటకు కారణమిదియే.

చిక్కు విప్పినవాడు మాక్స్ స్టెర్న్ అను పశువైద్యుడు. ఆయన దక్షిణాఫ్రికాలో ఓండర్స్టెపూర్ట్ పరిశోధనాలయమునందు పనిచేసెను. 1937లో ఆయన కవచము కట్టుట మానుకొన్న దొమ్మక్రిమిని వేరుచేసెను. పాస్టరు క్రిమి విషమును విడిచి కవచమును ఉంచుకొన్నది. స్టెర్న్ క్రిమి కవచమును విడిచి విషమును ఉంచుకొన్నది. కవచములేని క్రిమిని శరీరము పట్టి చంపును. చంపుటకుముందు దాని విషమును ఎరిగియుండును. ఆ ఎరుకయే రక్షణ. ప్లాస్మిడ్ అను మాట కూడ పుట్టని దినములలో, కేవలము క్రిమిగుంపుల ఆకారమును కంటితో చూచి ఆయన దీనిని ఎన్నుకొనెనన్నచో ఆశ్చర్యము గాక మానదు. నేటికిని మన దేశములో పశువులకు వేయు దొమ్మటీకాకు మూలము ఆ క్రిమి సంతానమే. పోయిన చీటీ దానికి మరల చేరదా యని మీరడుగవచ్చును. ఆ చీటీ తనంతట తాను పుట్టునది కాదు, తనంతట తాను ఒక క్రిమినుండి మరొక క్రిమికి దాటునదియు కాదు. దానిని మోయుటకు వేరొక ప్లాస్మిడ్ తోడు రావలెను. ప్రయోగశాలలో అట్లు మోయించి 1985లో చూచిరి గాని, టీకాక్రిమిని అందుకు భయపడి మానిన దేశము లేదు.

దొమ్మక్రిమికి దాయాదులున్నారు. ఒకటి మట్టిలోనుండి అన్నములో చేరి వాంతులు కలిగించు బాసిల్లస్ సీరియస్. రెండవది బాసిల్లస్ తురింజియెన్సిస్. ఈ రెండవదాని పేరు మీకు క్రొత్తగా తోచవచ్చును గాని, దానిని మీరు పొలములోనే చూచియున్నారు. బి.టి. పత్తి యనుటలో బి.టి. యన నిదియే. పురుగును చంపు విషము ఆ క్రిమిది. దాని జన్యువు సాధారణముగా ప్లాస్మిడ్‌లోనే యుండును. దానిని తీసి పత్తిలో చేర్చి, 2002లో మన దేశమున సాగుకు అనుమతించిరి. ఈ ముగ్గురు దాయాదుల పెద్దదస్త్రములు ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో భేదము మిక్కిలి స్వల్పము. ఒకరు అన్నమును పాడుచేయుట, ఒకరు పురుగును చంపుట, ఒకరు యెద్దును చంపుట చాలవరకు చీటీల భేదమే.

చీటీ దాయాదిచేత పడినచో ఏమగునో లోకమున కనబడినది. 1994లో అమెరికాలో లూసియానా రాష్ట్రమున ఒక మనుష్యునకు దొమ్మవలె తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు చేసెను, ఆయన బ్రతికెను. క్రిమిని చూడగా సీరియస్. 2004లో దాని వ్రాతను చదివి ప్రకటించిరి: దొమ్మయొక్క విషపు ప్లాస్మిడ్‌ను దాదాపు అక్షరాక్షరముగా పోలినది అందున్నది. పశ్చిమాఫ్రికాలో కోత్ దివ్వార్ దేశపు తాయీ యడవిలో 2001, 2002 ప్రాంతమున చింపాంజీలు హఠాత్తుగా చచ్చుచుండగా పరీక్షించిరి. ఆ క్రిమి పెద్దదారము సీరియస్‌ది, కాని దొమ్మ ప్లాస్మిడ్లవంటివి రెండును దానిలో నున్నవి.

అసలు దొమ్మక్రిమి మాత్రము పెద్దగా మారదు. లోకమున ఎచ్చటి దొమ్మక్రిములను పోల్చిచూచినను భేదములు కొద్ది. అది తన జీవితములో చాలభాగము నిద్రించుటయే కారణము. పశువు చచ్చి నెత్తురు గాలికి తగిలినప్పుడు క్రిమి గట్టి పెంకు కట్టుకొని సిద్ధబీజమై మట్టిలో పడియుండును. నిద్రించునది చీలదు, చీలనిచో నకలు లేదు, నకలు లేనిచో తప్పులును లేవు. ఈ నిద్ర ఎంతకాలమో స్కాట్లండు తీరమునందలి గ్రూనార్డ్ దీవి చెప్పగలదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1942, 1943 సంవత్సరములలో బ్రిటిషువారు దొమ్మను ఆయుధముగా వాడుటకు ఆ దీవిలో గొఱ్ఱెలపై పరీక్షించిరి. 1986లో ఫార్మాల్డిహైడ్ కలిపిన సముద్రపునీటితో నేలను తడిపి శుద్ధిచేసి, 1990లో గాని ఆ దీవి నిరపాయమని ప్రకటింపలేకపోయిరి. కాబట్టి దొమ్మయని అనుమానమున్న కళేబరమును కోయరాదు, చర్మము ఒలువరాదు. కోయనిచో లోపలి క్రిములు కుళ్లుతోపాటు నశించును. కోసినచో గాలి తగిలి బీజములగును. అవి మనుమల కాలమునకును ఆ బీటిలో ఉండగలవు. ఒలిచిన తోలు వెల యెంత? తరువాత చచ్చు పశువుల వెల యెంత? ఒలిచినవాని చేతిపై లేచు నల్లని పుండు సంగతి వేరే చెప్పవలెనా?

మందుల సంగతికి వత్తము. ఒక పల్లెలో పశువైద్య శిబిరము జరుగుచుండగా ఒక వృద్ధరైతు నన్ను అడిగెను: "బాబూ, పోయినేడు ఇదే సూదికి గేదె పొదుగు రెండురోజుల్లో దిగింది. ఈయేడు నాలుగు సూదులు పొడిచినా దిగలేదు. కల్తీ మందులో ఉందా, గేదెలో ఉందా?" రెండింటిలోను లేకపోవచ్చునని చెప్పితిని. పొదుగువాపును కలిగించు క్రిములలో ముఖ్యమైనది స్టెఫిలోకాకస్ ఆరియస్. అది మనుష్యుని ముక్కులోను ఉండును, ఆవు పొదుగులోను ఉండును. ఆవును పట్టిన శాఖలు కొన్ని పశువు నెత్తురును గడ్డకట్టించు జన్యువును వైరసుల సాయముతో తిరుగు చీటీద్వారా సంపాదించినవని 2010లో కనుగొనిరి. పశువులలో నెలకొన్న శాఖ యొకటి మనుష్యులలోనికి దాటినదని 2013లో తేలినది. 2011లో ఇంగ్లండునందు పాలతొట్లలోని పాలను పరీక్షించుచుండగా, పెన్సిలిను జాతి మందులను లెక్కచేయని క్రొత్త జన్యువుతో ఈ క్రిమి దొరకెను. అప్పటి సాధారణ పరీక్షలకు అది చిక్కలేదు. మనుష్యులలో వెదుకగా అచ్చటను కనబడెను.

దీనికంటెను ఆశ్చర్యకరమైనది పాశ్చురెల్లా కథ. మన ప్రాంతమున వానలు పడగానే గేదెలను గురకపెట్టించి చంపు గొంతువాపు క్రిమి పాశ్చురెల్లా మల్టోసిడాయే. దానిదే మరొక శాఖ అమెరికాలో దూడలకు ఊపిరితిత్తుల జబ్బు చేయును. 2005లో నెబ్రాస్కా రాష్ట్రమున ఒక దూడనుండి తీసిన ఆ శాఖ క్రిమిని పరీక్షించి 2012లో ప్రకటించిరి. అందులో సుమారు 82,000 అక్షరముల తునక యొకటి యున్నది. అది మామూలు చీటీ కాదు. దస్త్రములోనే కుట్టుకొని యుండును, సమయము వచ్చినప్పుడు ఊడి వేరొక క్రిమిలోనికి దాటి అచ్చటను కుట్టుకొనును. ఆ ఒక్క తునకలో మందులను ఎదిరించు జన్యువులు పండ్రెండు. ప్రయోగశాలలో అది తన జాతినే గాక మాన్హీమియా యను వేరొక పశుక్రిమిలోనికిని, ప్రేగులలోని ఇ.కోలై లోనికిని దాటెను. ఒక్క కలయికతో ఒక క్రిమికి పండ్రెండు కవచములు! నకలు తప్పులవలన ఇన్ని సంపాదింపవలెనన్న ఎన్ని తరములు కావలెనో మీరే యూహింపుడు.

మందు ఈ జన్యువులను పుట్టింపదు. మందు చేయునది కేవలము ఏరివేత. మందుకు లొంగునవి చచ్చును, లొంగనివాడు ఒంటరిగా మేత కంతకును యజమాని యగును. నాలుగు దినములు వేయవలసిన సూదిని రెండు దినములకు ఆపినప్పుడును, ఏ క్రిమియో తెలియక సంతలో కొన్న మందును వేసినప్పుడును మనము చేయునది ఈ యేరివేతయే. పొదుగువాపుకు మందు వేసిన ఆవు పాలు మనము త్రాగరాదని చాలమందికి తెలియును. కాని ఆ పాలను పారబోయుటకు మనసొప్పక దూడకు పట్టుదురు. ఆ కొద్ది మందు దూడ ప్రేగులలో లొంగని క్రిములను ఏరి పెంచును. ఆ దూడ పేడ పొలమునకు ఎరువగును. కోళ్లకు బలుపుకై మేతలో కలుపుచుండిన కొలిస్టిన్ అను మందును 2019లో భారత ప్రభుత్వము పశుపక్ష్యాదులకు నిషేధించుటకు కారణమిట్టిదే. ఆ మందును ఎదిరించు జన్యువు ప్లాస్మిడ్‌పై తిరుగుచున్నదని 2015లో చైనా దేశపు పందులలో బయటపడెను. అది మనుష్యులకు కడపటి మందులలో నొకటి.

తొలకరికి ముందు దొమ్మటీకా వేయు గ్రామములవారికి ఒక మాట. గొంతువాపు టీకాలో చచ్చిన క్రిమి యుండును. దొమ్మటీకాలో బ్రదికిన క్రిమి యుండును. అది స్టెర్న్ క్రిమి. పశువు దానిని ఎరుగవలెనన్న అది కొన్నినాళ్లు బ్రదికియుండవలెను. పెన్సిలిను మొదలైన మందులకు అది లొంగును. కావున టీకా వేయుదినములలో ఆ పశువునకు వేరొక జబ్బుకై అట్టి సూది వేయుచున్నచో ముందుగా పశువైద్యునికి తెలుపుడు. సూదియు టీకాయు ఒక్కసారి పడినచో, మందు టీకాలోని క్రిమిని చంపును. పుస్తకములో టీకా వేసినట్లు వ్రాసియుండును, పశువు మాత్రము టీకా లేనిదానితో సమానముగా వానకాలపు బీటికి పోవును.